అమెరికాలో 1828 సుంకం గొడవ: దక్షిణ కరోలినా ఎందుకు ఎదురు తిరిగింది?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ అబ్బాయికి స్కూల్లో ‘నల్లిఫికేషన్ క్రైసిస్’ మీద ప్రాజెక్టు ఇచ్చారు. నల్లిఫికేషన్ అంటే కేంద్రం చేసిన చట్టం తన గడ్డ మీద చెల్లదని ఒక రాష్ట్రం ప్రకటించుకోవడం. పుస్తకంలో మాత్రం ఉత్తరాది సుంకాలు కావాలంది, దక్షిణాది వద్దంది అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఒక దిగుమతి పన్ను కోసం ఒక రాష్ట్రం దేశంతోనే తెగదెంపులకు ఎందుకు సిద్ధపడింది? మీ ఆఫీసులో ఒకాయన అంటున్నట్టు, తర్వాత వచ్చిన సివిల్ వార్ కూడా పన్నుల కోసమేనా?

నేను చాలా ఏళ్లుగా దిగుమతి సరుకుకు కస్టమ్స్ క్లియరెన్స్ చేయించే పనిలో ఉన్నాను. అమెరికా సుంకాల చరిత్ర చదవడం ఆ పనితోనే మొదలైంది. మా పనిలో ఉన్నవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది: చట్టం గురించి ఎవరేం మాట్లాడారన్నది తర్వాత, ముందు ఏ సరుకు మీద ఎంత వేశారో చూస్తాం. ఈ గొడవను కూడా అలా చూస్తేనే బాగా అర్థమవుతుందని నా నమ్మకం. ఉత్తరం, దక్షిణం అన్న రెండు ముద్దలు విడిపోయి ఉన్ని, ఇనుము, చెరకు మడ్డి, పత్తి బేళ్లకు చుట్టే గోనె వంటివన్నీ కనిపించడం మొదలవుతుంది.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. దక్షిణ కరోలినా ఫిర్యాదులో నిజముంది. దానికి వాళ్లు ఎంచుకున్న దారి రాజ్యాంగం ముందు నిలవదు. ఈ రెండింటి అడుగున బానిసత్వం గురించిన భయం ఉంది, ఆ మాట వాళ్ల నాయకుడే రాసిపెట్టాడు. సివిల్ వార్ మాత్రం సుంకం కోసం జరగలేదు. ఇక వివరంగా.

ఆ రోజుల్లో ఇన్‌కమ్ టాక్స్ లేదు. కేంద్ర ప్రభుత్వం చాలావరకు రేవుల్లో వసూలయ్యే దిగుమతి సుంకం మీదే నడిచేది. అందుకే 1789లో మొదటి కాంగ్రెస్ చేసిన తొలి చట్టాల్లోనే సుంకం చట్టం ఉంది. ఎగుమతుల మీద మాత్రం కాంగ్రెస్ పన్ను వేయకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. పొగాకు, వరి పండించి విదేశాలకు అమ్ముకునే దక్షిణాది రాష్ట్రాలు పట్టుబట్టి పెట్టించుకున్న షరతు అది. దీన్ని గుర్తుపెట్టుకోండి, 1828 నాటి వాదన మొత్తం దీని మీదే నిలబడింది.

ఆదాయం కోసం వేసే సుంకం ఒకటి, సొంత పరిశ్రమలను కాపాడటానికి వేసే సుంకం ఇంకొకటి. రెండోదాని కథ 1807 తర్వాత ఊపందుకుంది. అధ్యక్షుడు జెఫర్సన్ విధించిన ఓడల నిషేధం, ఆ వెంటనే 1812లో ఇంగ్లండ్‌తో యుద్ధం వల్ల విదేశీ సరుకు రావడం దాదాపు ఆగిపోయింది. అమెరికా ఈశాన్య మూలనున్న రాష్ట్రాల్లో, అంటే న్యూ ఇంగ్లండ్‌లో, నూలు మిల్లులు వెలిశాయి. ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ బోస్టన్ దగ్గర వాల్థమ్‌లో మరమగ్గాల మిల్లు పెట్టాడు. 1815లో యుద్ధం ముగియగానే ఇంగ్లండ్ గోదాముల్లో పేరుకుపోయిన బట్టంతా అమెరికా రేవుల్లో దిగింది, ధరలు పడిపోయాయి, చిన్న మిల్లులు మూతబడ్డాయి.

అప్పుడు వచ్చింది 1816 చట్టం. ఇందులో మన దేశానికి నేరుగా సంబంధమున్న అంశం ఒకటి ఉంది. బోస్టన్, సేలం వ్యాపారుల ఓడలు మన దేశం నుంచి, ముఖ్యంగా కలకత్తా నుంచి, చవకరకం ముతక నూలు బట్ట తీసుకెళ్లేవి. లోవెల్ మిల్లు నేసేదీ ముతక బట్టే. ఆయన వాషింగ్టన్ వెళ్లి సభ్యులను ఒప్పించి, సుంకం రేటు జోలికి పోకుండా సరుకు విలువ లెక్కగట్టే పద్ధతిలో ఒక షరతు పెట్టించాడు. నూలు బట్ట మీద సుంకం 25 శాతం. కానీ చదరపు గజం ఎంత చవగ్గా కొన్నా 25 సెంట్లకు కొన్నట్టే లెక్కగట్టాలి. ఉదాహరణకు కలకత్తాలో గజం 8 సెంట్లకు కొన్న బట్ట అనుకుందాం. దానిమీద 2 సెంట్లు కట్టాల్సింది, ఈ లెక్కన 6 సెంట్ల పైచిలుకు కట్టాలి. అంటే అసలు సుంకం 78 శాతం. గజం 25 సెంట్ల ఇంగ్లండ్ బట్టకేమో 25 శాతమే. పేదవాడు కొనే బట్ట మీద మూడు రెట్లు భారం, చట్టంలో మాత్రం అందరికీ ఒకే రేటు. ఇలాంటి ఏర్పాట్లు ఇప్పటి షెడ్యూళ్లలోనూ, అంటే ఏ సరుకుకు ఎంత సుంకమో చెప్పే పట్టికల్లోనూ, చూస్తుంటాం కాబట్టి మా వృత్తివాళ్లకు లోవెల్ తెలివి చప్పున అర్థమవుతుంది. ఆ దెబ్బతో మన ముతక బట్టకు అక్కడి మార్కెట్ మూసుకుపోయింది.

ఆ చట్టాన్ని ఎవరు సమర్థించారో, ఎవరు వ్యతిరేకించారో చూస్తే ఆశ్చర్యపోతారు. దక్షిణ కరోలినా సభ్యుడు జాన్ కాల్హూన్ గట్టిగా సమర్థించాడు. మళ్లీ యుద్ధం వస్తే దేశం తన కాళ్ల మీద తాను నిలబడాలన్నది ఆయన వాదన. న్యూ ఇంగ్లండ్ తరఫున డేనియల్ వెబ్‌స్టర్ వ్యతిరేకించాడు. అప్పటికి అక్కడ మిల్లులకంటే ఓడల వ్యాపారం పెద్దది, సరుకు రాకపోతే ఓడలకు పని ఉండదు. పన్నెండేళ్లు తిరిగేసరికి ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారు. వీళ్లను అవకాశవాదులని తిట్టడం తేలికే. నాకైతే వాళ్లకంటే వాళ్ల ఊళ్లే ఎక్కువ మారాయనిపిస్తుంది. బోస్టన్ డబ్బు ఓడల్లోంచి మిల్లుల్లోకి వచ్చింది. దక్షిణ కరోలినా పరిస్థితి దిగజారింది.

ఎంత దిగజారిందంటే, 1818 ప్రాంతంలో పౌను పత్తి సుమారు 30 సెంట్లు పలికింది. 1819 మాంద్యంతో పడటం మొదలై 1820ల చివరికి 10 సెంట్లకు అటూఇటూగా వచ్చింది. పత్తి వేసి వేసి దక్షిణ కరోలినా నేల సారం కోల్పోయింది. అలబామా, మిసిసిపీల్లో కొత్త నేలలు దొరుకుతుంటే భూస్వాములు బానిసలను తోలుకుని అటు వలసపోయారు. అలా వాళ్లు అక్కడ పండించిన పత్తే ధరను ఇంకా కిందికి తొక్కింది. ఇదంతా సుంకం వల్ల జరగలేదు. కానీ ఆదాయం మూడో వంతుకు పడిపోయిన మనిషికి వేసుకునే బట్ట, వాడే పనిముట్టు వాషింగ్టన్ చట్టం వల్ల ప్రియమవుతుంటే కోపం ఎటు తిరుగుతుందో చెప్పక్కర్లేదు. 1824లో కెంటకీకి చెందిన హెన్రీ క్లే ‘అమెరికన్ సిస్టమ్’ పేరుతో రేట్లు ఇంకా పెంచే చట్టం తెచ్చాడు. ప్రతినిధుల సభలో 107–102 ఓట్లతో అతికష్టమ్మీద గట్టెక్కింది. 1827లో ఉన్ని బట్టల బిల్లు సెనేట్‌లో సరిసమానంగా ఆగిపోతే, అప్పటికి ఉపాధ్యక్షుడైన కాల్హూన్ తన ఓటుతో దాన్ని ఓడించాడు.

1828 చట్టమే అసలు నిప్పు రాజేసింది. దక్షిణాది దాన్ని ‘టారిఫ్ ఆఫ్ అబామినేషన్స్’ అని, అంటే అసహ్యాల సుంకమని తిట్టింది. అది ఎన్నికల సంవత్సరం. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఆండ్రూ జాక్సన్ మనుషులు, ముఖ్యంగా న్యూయార్క్ నాయకుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ వర్గం, బిల్లును చిత్రమైన పద్ధతిలో అల్లారు. ఓట్లు కావాల్సిన రాష్ట్రాలు అడిగినవన్నీ పెట్టారు. పెన్సిల్వేనియాకు ఇనుము, ఒహాయో, న్యూయార్క్ గొర్రెల పెంపకందార్లకు ముడి ఉన్ని, కెంటకీకి హెంప్ నార. న్యూ ఇంగ్లండ్ వాళ్లు జాక్సన్‌కు ఎలాగూ ఓటేయరు కాబట్టి వాళ్ల నెత్తిన భారం మోపారు. వాళ్ల మిల్లులకు కావాల్సిన ముడి ఉన్ని ప్రియమైంది. ఓడలకు కావాల్సిన హెంప్, తెరచాపల గుడ్డ ప్రియమయ్యాయి. రమ్ము కాచడానికి తెచ్చుకునే చెరకు మడ్డి మీద సుంకం గాలన్‌కు 5 సెంట్ల నుంచి 10 సెంట్లకు పెరిగింది. ఆ రమ్మును ఎగుమతి చేస్తే మడ్డి మీద కట్టిన సుంకం తిరిగిచ్చే ఏర్పాటును కూడా ఎత్తేశారు.

దక్షిణాది సభ్యులు ఈ కటువైన అంశాలను తొలగించడానికి ఒప్పుకోలేదు. ఇంత చేదుగా ఉంటే న్యూ ఇంగ్లండే బిల్లును చంపేస్తుందని లెక్కేసుకున్నారు. ఆ లెక్క తప్పింది. ప్రతినిధుల సభలో న్యూ ఇంగ్లండ్ సభ్యుల్లో ఎక్కువమంది వ్యతిరేకంగానే ఓటేసినా, కావాల్సినంతమంది అనుకూలంగా వేశారు. బిల్లు 105–94తో గెలిచింది. సెనేట్‌లో వెబ్‌స్టర్ కూడా ఔనన్నాడు, అక్కడ 26–21. అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ 1828 మే 19న సంతకం చేశాడు. ఈ బిల్లు తయారుచేసేది ఏ సరుకునూ కాదు, ఒక అధ్యక్షుణ్ణి మాత్రమేనని వర్జీనియా సభ్యుడు జాన్ రాండాల్ఫ్ అన్న మాట చరిత్రలో నిలిచిపోయింది.

హెంప్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ‘ఉత్తరం వర్సెస్ దక్షిణం’ అన్న బొమ్మ ఇక్కడే పగులుతుంది. కెంటకీ బానిసత్వం ఉన్న రాష్ట్రం. అక్కడ హెంప్ పొలాల్లో పనిచేసిందీ బానిసలే. హెన్రీ క్లే తన ఆష్‌లాండ్ ఎస్టేట్‌లో స్వయంగా హెంప్ పండించాడు. ఆ హెంప్‌తో నేసిన గోనె, పేనిన తాళ్లు పత్తి బేళ్లు కట్టడానికే పోయేవి. అంటే విదేశీ గోనె మీద సుంకం వేస్తే కెంటకీ యజమానికి లాభం, కరోలినా యజమానికి ప్రతి బేలు మీదా ఖర్చు. లూసియానాలో చక్కెర తోటల యజమానులు కూడా విదేశీ చక్కెర మీద సుంకం ఉండాలన్నవాళ్లే. అటువైపు రోడ్ ఐలండ్ మిల్లుల్లో కొన్ని బతికిందే దక్షిణాది బానిసలకు వేసే ముతక ఉన్ని బట్ట నేసి. దేశం ఉత్తర దక్షిణాలుగా చీలకముందే ఇలా సరుకులవారీగా చీలిపోయి, ఒకరి కడుపు ఒకరు కొడుతోంది.

ఇక దక్షిణ కరోలినా వాదన. అక్కడి సభ్యుడు జార్జ్ మెక్‌డఫీ దాన్ని సామాన్యులకు అర్థమయ్యేలా ఇలా చెప్పాడు: 40 శాతం సుంకం అంటే నూరు బేళ్లు పండించే రైతు దగ్గర్నుంచి ఉత్తరాది మిల్లు యజమాని 40 బేళ్లు ఎత్తుకుపోయినట్టే. దీని వెనకున్న లెక్క ఇది. మన పత్తి ఇంగ్లండ్‌కు పోతుంది, దానికి బదులు బట్ట, ఇనుప సామాను వస్తాయి. వచ్చేదాని మీద పన్ను వేస్తే పోయేదాని మీద వేసినట్టే. ఎగుమతి పన్ను కూడదన్న రాజ్యాంగ షరతును ఇలా దొడ్డిదారిన దాటేశారు.

ఈ వాదనను కొట్టిపారేయకూడదు. దిగుమతి సుంకం చివరికి ఎగుమతిదారుడి మీద పడుతుందన్న మూలసూత్రాన్ని ఇప్పటి ఆర్థికవేత్తలు కూడా ఒప్పుకుంటారు. పొరపాటంతా 40 అన్న అంకెలో ఉంది. ఇంగ్లండ్ మిల్లులకు అమెరికా పత్తి తప్ప గతిలేని పరిస్థితి కాబట్టి భారంలో కొంత ఇంగ్లండ్ కొనుగోలుదారు మీదికి పోయేది. మిగిలిన దాంట్లోనూ దిగుమతి సరుకు కొన్న దేశంలోని ప్రతి ఇల్లూ వాటా మోసింది. ఇవన్నీ తీసేసినా పత్తి ప్రాంతానికి నికరంగా నష్టమే, దాన్ని కాదనలేం. కానీ ఆ నూరు బేళ్ల లెక్క చదివినప్పుడల్లా నాకు మనసు మండుతుంది. విత్తినవాళ్లకు, కలుపు తీసినవాళ్లకు, వేళ్లు చీరుకుపోతూ పత్తి ఏరినవాళ్లకు ఆ నూటిలో ఒక్క బేలూ దక్కలేదు. ‘మా కష్టం దోచుకుంటున్నారు’ అని గొంతెత్తినవాళ్లు ఎవరి కష్టం మీద బతుకుతున్నారో ఆ ప్రసంగాల్లో వెతికినా కనిపించదు.

1828 డిసెంబర్‌లో కాల్హూన్ పేరు పెట్టకుండా ఒక పత్రం రాశాడు, దాన్ని దక్షిణ కరోలినా శాసనసభ ప్రచురించింది. ఉపాధ్యక్షుడే కేంద్రానికి వ్యతిరేకంగా రాస్తున్నాడని బయటికి తెలియకూడదు కదా. దాని సారం: రాష్ట్రాలు కలిసి చేసుకున్న ఒప్పందమే రాజ్యాంగం. కేంద్రం హద్దు దాటిందని ఒక రాష్ట్రం తేల్చుకుంటే ఆ చట్టం తన గడ్డ మీద చెల్లదని ప్రకటించుకోవచ్చు. కేంద్రం హద్దు దాటితే రాష్ట్రాలు అడ్డుకోవచ్చంటూ 1798లో జెఫర్సన్, మాడిసన్ రాసిన కెంటకీ, వర్జీనియా తీర్మానాలను ఆధారంగా చూపించారు. అప్పటికింకా బతికే ఉన్న మాడిసన్ స్వయంగా కలగజేసుకుని, మా మాటలకు అర్థం ఇది కాదన్నాడు. నాకు మాడిసన్ మాటే సబబనిపిస్తుంది. రేవు ఒక్కో రాష్ట్రం చేతిలో ఉండి, ఎవరికి వాళ్లు సుంకం రద్దు చేసుకుంటే సరుకంతా ఆ రేవు నుంచే దిగుతుంది, మిగతా రాష్ట్రాల చట్టం కాగితం మీద మిగులుతుంది.

దక్షిణ కరోలినాయే ఎందుకు ఇంత దూరం వెళ్లింది? జార్జియా, అలబామా, మిసిసిపీ కూడా సుంకాన్ని తిట్టాయి, కానీ నల్లిఫికేషన్‌ను సమర్థించలేదు. దక్షిణ కరోలినా జనాభాలో సగానికి పైగా బానిసలు. 1822లో ఆ రాష్ట్రపు రేవు పట్టణం చార్ల్‌స్టన్‌లో డెన్మార్క్ వెసీ అనే స్వేచ్ఛ పొందిన నల్లజాతి వడ్రంగి తిరుగుబాటుకు కుట్ర చేశాడని ఆయనతోపాటు చాలామందిని ఉరి తీశారు. ఆ టెన్షన్ తెల్ల యజమానులను వదల్లేదు. సుంకం విషయంలో కేంద్రం ఇష్టమొచ్చినట్టు చేయగలిగితే రేపు బానిసత్వం జోలికీ రావచ్చు అన్నదే వాళ్ల భయం. ఇది నా ఊహ కాదు. 1830 సెప్టెంబర్‌లో కాల్హూన్ ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, సుంకం చట్టం ఇప్పటి పరిస్థితికి సందర్భం మాత్రమేనని, అసలు కారణం కాదని స్పష్టంగా రాశాడు. దక్షిణాది రాష్ట్రాల ‘ప్రత్యేక గృహ వ్యవస్థ’ తమను మిగతా దేశానికి ఎదురు నిలబెట్టిందన్నాడు. ఆ రోజుల్లో బానిసత్వానికి పెట్టుకున్న మర్యాదపేరు అది.

1832 జులైలో కాంగ్రెస్ కొంత దిగివచ్చింది. కొత్త చట్టంలో చదరపు గజం 35 సెంట్లకు మించని ముతక ఉన్ని బట్ట మీద సుంకం 5 శాతానికి తగ్గింది. అది బానిసలకు కొనే బట్ట, అంటే యజమానులకు నేరుగా ఇచ్చిన రాయితీ. అయినా దక్షిణ కరోలినా చల్లారలేదు. నవంబర్ 24న ప్రత్యేక సభ 136–26 ఓట్లతో 1828, 1832 చట్టాలు రెండూ చెల్లవని, 1833 ఫిబ్రవరి 1 నుంచి తమ రాష్ట్రంలో సుంకం వసూలు కుదరదని ప్రకటించింది. బలప్రయోగం చేస్తే విడిపోతామంది. కాల్హూన్ ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేసి సెనేటర్‌గా వెళ్లాడు.

వాళ్లు పన్నిన వ్యూహం తుపాకులకంటే కోర్టు కాగితాల మీద ఆధారపడింది. అప్పట్లో దిగుమతిదారు సుంకం వెంటనే నగదుగా కట్టక్కర్లేదు, బాండ్ రాసిచ్చి కొన్ని నెలల తర్వాత కట్టేవాడు. గడువుకు కట్టకపోతే ప్రభుత్వం కోర్టుకు వెళ్లాలి. సరుకు పట్టుకుంటే, విడిపించమని దిగుమతిదారు రాష్ట్ర కోర్టుకు వెళ్తాడు. ఆ కోర్టులో జ్యూరీ సభ్యులు నల్లిఫికేషన్‌కు కట్టుబడతామని ప్రమాణం చేయాలి. తీర్పు ఎలా వస్తుందో వేరే చెప్పాలా? చప్పుడు లేకుండా కస్టమ్స్ హౌస్‌ను చేతగానిదాన్ని చేసే ఉపాయం.

అప్పటికి అధ్యక్షుడైన జాక్సన్ తానూ బానిసల యజమానే, కరోలినా ప్రాంతంలో పుట్టినవాడే. అయినా డిసెంబర్ 10న గట్టి ప్రకటన చేశాడు: సాయుధ బలంతో దేశాన్ని చీల్చడం రాజద్రోహం. చార్ల్‌స్టన్ కోటలను పటిష్ఠం చేయించాడు. ఊళ్లోనే జోయెల్ పాయిన్‌సెట్ నాయకత్వంలో కేంద్రానికి మద్దతుగా నిలబడిన స్థానికులూ ఉన్నారు, పాఠ్యపుస్తకాలు వీళ్లను తరచుగా మర్చిపోతాయి. సుంకం వసూలుకు అవసరమైతే సైన్యాన్ని వాడే అధికారమిస్తూ కాంగ్రెస్ ‘ఫోర్స్ బిల్లు’ తెచ్చింది. దాన్ని సైన్యం బిల్లుగానే అందరూ గుర్తుపెట్టుకుంటారు. నేను మాత్రం మొదటి సెక్షన్ చూసి మెచ్చుకుంటాను. కస్టమ్స్ హౌస్‌ను జిల్లాలో ఏదైనా భద్రమైన చోటికి, అవసరమైతే ఓడ మీదికి, మార్చవచ్చు. సుంకం నగదుగా కట్టేదాకా ఓడను వదలక్కర్లేదు. బాండ్ లేకపోతే ఎగవేత లేదు, ఎగవేత లేకపోతే జ్యూరీ దాకా పోయే కేసే లేదు. వాళ్ల ఎత్తుకు సరైన పైఎత్తు అదే.

అదే సమయంలో క్లే, కాల్హూన్ చేతులు కలిపి రాజీ సుంకం చట్టం తెచ్చారు. రెండు బిల్లుల మీదా జాక్సన్ 1833 మార్చి 2న, ఒకేరోజు సంతకం చేశాడు. 20 శాతానికి పైనున్న సుంకంలో ఆ అదనపు భాగాన్ని పదోవంతు చొప్పున రెండేళ్లకోసారి నాలుగు విడతల్లో తగ్గించి, మిగిలింది 1842లో రెండు దఫాలుగా తీసేయాలి. 50 శాతం ఉన్న సరుకును తీసుకోండి: 47, 44, 41, 38, ఆ తర్వాత 1842 జనవరిలో 29, జులైలో 20. మిల్లులకు సర్దుకోవడానికి తొమ్మిదేళ్లు దొరికాయి, దక్షిణ కరోలినాకు గెలిచామని చెప్పుకునే అవకాశం దొరికింది. అక్కడి సభ మళ్లీ కూర్చుని తన ప్రకటనను వెనక్కి తీసుకుంది, పోతూపోతూ ఫోర్స్ బిల్లు చెల్లదని ఒక ప్రకటన పడేసింది. ఆ 20 శాతం నిలిచింది రెండు నెలలే. 1842 ఆగస్టు 30న కొత్త చట్టంతో రేట్లు మళ్లీ పెరిగాయి. వింతేమిటంటే దాని మీద సంతకం చేసిన అధ్యక్షుడు జాన్ టైలర్. ఫోర్స్ బిల్లుకు సెనేట్‌లో పడిన ఒకే ఒక్క వ్యతిరేక ఓటు ఆయనదే.

ఇక మీ ఆఫీసు మిత్రుడి మాట. 1846లో సుంకాలు బాగా తగ్గాయి, 1857లో ఇంకా తగ్గాయి. దక్షిణ కరోలినా 1860 డిసెంబర్ 20న విడిపోయే నాటికి అమలులో ఉన్నవి కొన్ని దశాబ్దాల్లోనే అతి తక్కువ రేట్లు. రేట్లు పెంచిన మోరిల్ చట్టం మీద సంతకం పడింది 1861 మార్చి 2న, అప్పటికే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి. వాళ్ల సెనేటర్లు సభ వదిలి వెళ్లిపోవడం వల్లే అది సెనేట్‌లో సులువుగా నెగ్గింది. విడిపోవడానికి కారణాలు చెబుతూ దక్షిణ కరోలినా చేసిన అధికారిక ప్రకటనలో టారిఫ్ అన్న మాటే లేదు. పారిపోయిన బానిసలను ఉత్తరాది తిరిగి అప్పగించడం లేదన్నదే అందులో ప్రధాన ఫిర్యాదు.

మీ అబ్బాయి ప్రాజెక్టుకు నా సలహా: 1828 చట్టం షెడ్యూల్, కాల్హూన్ 1830 ఉత్తరం, 1860 ప్రకటన, ఈ మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పక్కపక్కన పెట్టి చదివించండి. షెడ్యూల్లోంచి ఇనుము, ముడి ఉన్ని, హెంప్, చెరకు మడ్డి ఏరి, ఒక్కోదాని వల్ల ఏ రాష్ట్రానికి లాభమో, ఏ రాష్ట్రానికి నష్టమో మ్యాప్ మీద రంగులు వేయమనండి. టీచర్ ఇచ్చిన రెండు రంగులు సరిపోవు, కనీసం ఐదారు కావాలి.